వాంతి వచ్చింది, పదికి పది

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మా మేనల్లుడు బాత్రూమ్‌లోంచి బయటికొచ్చి, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ, "అబ్బ, ఏం రియలిస్టిక్‌గా ఉంది మామయ్యా!" అన్నాడు. అంతకుముందు వాడు లోపల ఏం చేశాడో ఇంటిల్లిపాదికీ, బహుశా కింది ఫ్లాటు వాళ్లకీ కూడా వినబడింది. పొద్దున మా చెల్లెలు వేసిపెట్టిన మూడు పెసరట్లు, ఉప్మాతో సహా, వెళ్లిన దారినే వెనక్కి వచ్చేశాయి.

రియలిస్టిక్‌గా ఉన్నది వాడు ఆడుతున్న వీడియో గేమ్. దాని పేరు చెప్పను. మా ఇంటి పెసరట్లకు ఏ కంపెనీనీ బాధ్యుల్ని చెయ్యదలుచుకోలేదు. బాడీక్యామ్ హారర్ షూటర్ అనే జాతికి చెందినదని మాత్రం చెప్పగలను. ఈ జాతి గురించి ఇంతవరకూ తెలియని అదృష్టవంతుల కోసం నాలుగు ముక్కలు. మనం ఒక పోలీసు. మన ఒంటికి కెమెరా తగిలించి ఉంటుంది. తెర మీద కనిపించేదంతా ఆ కెమెరా చూసిందే. చేతిలో పిస్తోలు, టార్చిలైటు, ఎదురుగా పెచ్చులూడిన గోడలతో ఓ పాడుబడ్డ ఆస్పత్రి. అడుగేస్తే తెర ఊగుతుంది. పరుగెత్తితే తెర కొట్టుకుంటుంది. గోడలు అంచుల దగ్గర కుండ పొట్టలా వంగి ఉంటాయి. పై మూలన ఎర్ర చుక్క, పక్కనే తేదీ, సెకన్లతో సహా టైము. ఆ చీకట్లో ఎక్కడో ఏదో ఉంటుంది. అది మన మీద పడుతుంది. కాలుస్తాం. తగలదు. చస్తాం. మళ్లీ మొదటినుంచి.

దీని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆదివారం పూట కర్టెన్లు మూసుకుని, ఏసీ వేసుకుని, దెయ్యాన్ని పిస్తోలుతో కాల్చి చంపాలనుకోవడం ఒక పౌరుడి ప్రాథమిక హక్కు. నా గొడవంతా ఆ ఒక్క మాటతోనే. రియలిస్టిక్.

మూడు వారాలుగా ఈ మాట మీద గట్టి పరిశోధన చేస్తున్నాను. పరిశోధన అంటే, మేనల్లుడి వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తెర చూడటం, తల తిరిగినప్పుడు కళ్లు మూసుకుని వాడు చదివి వినిపించే రివ్యూలు వినడం. నాకు అర్థమైనది ఇది. ఈ గేమ్స్ ఆడేవాళ్లకి నిఘంటువులో ఒక్కటే విశేషణం ఉంది. తల తిరిగింది, అందుకని రియలిస్టిక్. కడుపులో తిప్పింది, అందుకని ఇంకా రియలిస్టిక్. చీకట్లో ఏమీ కనబడలేదు, ఎవరు కాల్చారో తెలియలేదు, ఎందుకు చచ్చామో అంతుపట్టలేదు, ఇంతకన్నా రియలిస్టిక్ ఇంకేముంటుంది అంటారు. ఈ లెక్కన మా చిన్నప్పుడు శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కే ఎర్రబస్సు ప్రపంచంలోకెల్లా గొప్ప గేమ్. మలుపు మలుపుకీ కిటికీలోంచి తల బయటపెట్టి రివ్యూలు ఇచ్చేవాళ్లం.

వాంతికి శాస్త్రం వేరే కారణం చెబుతుంది. పరుగెడుతున్నాం అని కళ్లు చెబుతాయి. లేదు, కుర్చీలోనే కూర్చున్నాం అని చెవి లోపల సమతూకం చూసే భాగం చెబుతుంది. ఇద్దరు సాక్షులూ ఇలా చెరోమాటా చెప్పేసరికి మెదడు కంగారు పడుతుంది. వీడెవడో విషం తిన్నాడు, ముందు కక్కించండి అని ఆర్డరేస్తుంది. వికారానికి కారణం ఇదే కావచ్చని ట్రీస్మన్ అనే శాస్త్రవేత్త 1977లోనే ప్రతిపాదించాడు. అంటే ఆ ఆదివారం మా వాడి ఒంట్లో గేమ్‌ని జాగ్రత్తగా పరిశీలించి, ఇది పచ్చి అబద్ధమని తేల్చి, నిర్మొహమాటంగా రివ్యూ ఇచ్చిన అవయవం ఒకే ఒక్కటి ఉంది. ఆ రివ్యూని వాడు ఫ్లష్ చేసేశాడు.

ఈ పిచ్చి ముదిరిన నెల కూడా నాకు తెలుసు. 2023 ఏప్రిల్. ఫ్రాన్స్‌లో డ్రామా అనే చిన్న స్టూడియో వాళ్లు అన్‌రికార్డ్ అనే గేమ్ ట్రైలర్ వదిలారు. పాడుబడ్డ భవనం, ఒంటి కెమెరా, మసక చేసిన ముఖాలు, కిటికీల్లోంచి కళ్లు చెదిరే తెల్లటి వెలుగు. లోకం నోరెళ్లబెట్టింది. ఆ తెరిచిన నోటితోనే, ఇది గేమ్ కాదు, ఎక్కడో నిజంగా తీసిన వీడియో, మోసం మోసం అని అరవడం మొదలుపెట్టింది. పాపం దాన్ని చేసిన అలెగ్జాండ్ర్ స్పిండ్లర్ తన సాఫ్ట్‌వేర్ తెరిచి, బాబూ ఇది గేమేనయ్యా అని ఇంకో వీడియోలో చూపించుకోవాల్సి వచ్చింది. బొమ్మ బాగా గీసిన పాపానికి, గీశాను తప్ప ఫొటో తియ్యలేదు మహాప్రభో అని ప్రమాణం చేయించుకున్నారు. ఆ నిజాన్ని వండిన సాఫ్ట్‌వేర్ పేరు అన్‌రియల్ ఇంజన్. నామకరణం చేసినవాళ్లు మొదట్లోనే చెప్పేశారు, విన్నవాళ్లు లేరు.

ఇదే సరుకు అంతకు 13 ఏళ్ల ముందు కూడా బజారుకొచ్చింది. 2010లో డెన్మార్క్ స్టూడియో ఒకటి కేన్ అండ్ లించ్ 2 చేసింది. షాంఘై వీధుల్లో ఎవడో చౌక కెమెరా పట్టుకుని వెనకాలే పరుగెత్తినట్టు ఉంటుంది. లైటు ఎదురైతే తెర మీద గీతలు పడతాయి, తలకి గుండు తగిలితే ఆ చోట గళ్లుగళ్లుగా మసక. కళ్లు లాగుతున్నాయి, తల తిప్పుతోంది అని అప్పట్లో ప్లేయర్లు తిట్టిపోశారు. ఆ ఊపు ఆపుకోవడానికి ఆప్షన్ కూడా ఇచ్చారు. పాపం, ముందే పుట్టేసింది. అప్పటికింకా వాంతిని సుగుణంగా గుర్తించలేదు.

తర్వాత 2024 జూన్ 7న బాడీక్యామ్ అనే పేరుతోనే ఒక గేమ్ ఎర్లీ యాక్సెస్‌లో, అంటే ఇంకా పూర్తవకుండానే అమ్మకానికి, వచ్చింది. అది చేసింది ఇద్దరు ఫ్రెంచి కుర్రాళ్లు, ఒకడికి 17, ఒకడికి 20. మొదట మనుషులూ మనుషులూ కాల్చుకునేవాళ్లు, తర్వాత జాంబీలు కూడా చేరాయి. పదిహేడేళ్ల వయసులో నేను జువాలజీ రికార్డులో కప్ప బొమ్మ గీస్తే మేడమ్ అది బంగాళాదుంప అనుకున్నారు. కాబట్టి ఆ కుర్రాళ్ల మీద నాకు గౌరవమే. నా తగాదా ఆడి తీర్పులిచ్చేవాళ్లతో.

ఈ తీర్పరుల్లో తుపాకీ పండితులు ముందు వరసలో ఉంటారు. వీళ్లు జీవితంలో పేల్చినది దీపావళి తుపాకీ, అదీ రీలు ఇరుక్కుంటే సుత్తితో. కానీ మ్యాగజైన్ మార్చేటప్పుడు బొటనవేలు ఎక్కడుండాలో, ఖాళీ గొట్టం ఏ వైపు ఎగరాలో, గుండు ఇటుకగోడకి తగిలితే ఎంత దుమ్ము లేవాలో వీళ్ల దగ్గర లెక్కలున్నాయి. వేలు అరంగుళం పక్కకి ఉందా, ఇమ్మర్షన్ పోయింది అంటారు. ఇమ్మర్షన్ అంటే నాకు తెలిసి వినాయకుడిది. ఇది ఆటలో మనమే మునిగిపోయే రకమట.

దెయ్యాల పండితులు వేరే ఉన్నారు. దెయ్యం నడక రియలిస్టిక్‌గా లేదని వీళ్ల ఫిర్యాదు. మోకాలు ఎటు వంగాలో, చేతులు ఎంత సాగాలో, తలుపులోంచి వచ్చేటప్పుడు మెడ ఏ కోణంలో తిరగాలో వీళ్లకి కచ్చితమైన అభిప్రాయాలున్నాయి. మా అమ్మమ్మగారి ఊళ్లో చెరువు గట్టు మీద కొరివిదెయ్యాన్ని కళ్లారా చూసినవాళ్లు కనీసం పది మంది ఉండేవాళ్లు. అందరూ పంచె ఊడిపోయినా చూసుకోకుండా పరుగెత్తినవాళ్లే. వాళ్లలో ఒక్కరు కూడా దాని యానిమేషన్ గురించి నోరెత్తలేదు.

ఇక కెమెరా ముందు కూర్చుని ఆడే యూట్యూబ్ మహానుభావులు. వీళ్లకి జీతం కేకకింత చొప్పున వస్తుందేమోనని నా అనుమానం. తలుపు తెరుచుకోకముందే కేక. తెరుచుకున్నాక కేక. లోపల ఏమీ లేదని తెలిశాక ఉపశమనంగా ఒక కేక. వీడియో మీద పెట్టిన ఫొటోలో రెండు చేతులూ చెంపలకి, కళ్లు గుడ్లంత, నోరు గుహంత. మా మేనల్లుడు ఇవి చూసి చూసి, భయం వేసినప్పుడు ఇంగ్లిష్‌లో కేకెయ్యడం నేర్చుకున్నాడు. పుట్టి పెరిగింది నిజాంపేటలో.

ఆ రోజు వాంతి సంగతి పూర్తిగా చెప్పలేదు కదా. మా చెల్లెలు వాడి నుదురు పట్టుకు చూసింది, జ్వరం లేదు. "దిష్టి తగిలింది అన్నయ్యా, మొన్న పెళ్లిలో అందరూ వీడి ఎత్తు గురించే మాట్లాడారు," అంది. నేను ట్రీస్మన్ సిద్ధాంతం చెప్పబోయాను. ఆవిడ అప్పటికే వంటింట్లో ఎండుమిరపకాయలు, రాళ్లుప్పు గుప్పిట్లోకి తీసుకుంది. వీడు మూతి కడుక్కుని, బకెట్ పక్కన పెట్టుకుని, హెడ్‌ఫోన్స్ తగిలించి మళ్లీ ఆస్పత్రిలోకి దూరాడు. గది చీకటి. వాడు నక్కినక్కి వార్డులోకి నడుస్తున్నాడు. వెనక నుంచి ఆవిడ గుప్పిలి వాడి తల చుట్టూ ఒకసారి తిరిగింది. వాడు చూడలేదు. రెండోసారి తిరిగింది. మూడోసారి ఆ చెయ్యి కళ్ల ముందుకి రావడం, గేమ్‌లో అదేదో మంచం కింద నుంచి మీద పడటం ఒక్కసారే జరిగాయి. వాడు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. వేసిన కేక ఈసారి శుద్ధమైన తెలుగులో, "అమ్మా!" అని. ఆవిడ తృప్తిగా నా వైపు చూసి, "చూశావా, పోయింది," అంది. స్టవ్ మీద మిరపకాయలు వేస్తే ఘాటు కూడా రాలేదట. దిష్టి ఉన్నట్టు అంతకంటే రుజువేం కావాలి అంది. ఆ ఇంట్లో ఆ పూట భయానికి రియలిస్టిక్ పరీక్ష పెడితే పాసైంది మా చెల్లెలు ఒక్కతే.

సరే, రియలిస్టిక్ అంటున్నారు కాబట్టి ఆ మాటనే పట్టుకుందాం. పోలీసుల అసలు బాడీక్యామ్ వీడియోలు అమెరికా నుంచి ఇంటర్నెట్‌లో కొల్లలుగా వస్తున్నాయి. నేను కొన్ని చూశాను. ఆ కెమెరా ఎక్కువమందికి ఛాతీ మీద ఉంటుంది. కాబట్టి రెండు చేతులతో తుపాకీ ఎత్తగానే దానికి కనిపించేవి మోచేతులు. హంతకుడున్నా, దెయ్యమున్నా, తెరంతా ఖాకీ రంగో నీలం రంగో చొక్కా చేతులు. మరో ముచ్చట. బాగా వాడుకలో ఉన్న ఒక రకం కెమెరా ఎప్పుడూ లోలోపల వీడియో తీస్తూ చెరిపేస్తూ ఉంటుంది. పోలీసు బటన్ నొక్కితే, నొక్కకముందరి 30 సెకన్లు కూడా దాచిపెడుతుంది, కానీ మూగగా. అందుకే ఆ వీడియోల్లో చాలావాటికి మొదటి అర నిమిషం శబ్దం ఉండదు. నిజం కావాలనే మన పండితులు ఈ మూగ అర నిమిషం కోసం, ఆ మోచేతుల కోసం ఎప్పుడైనా ఉద్యమించారా? గంటన్నర మోచేతులు చూపించే గేమ్‌కి ఎవరైనా ఒక్క రూపాయి ఇస్తారా?

ఇచ్చేటట్టయితే నా దగ్గర ఒక గేమ్ ఉంది. ఏ స్టూడియో వాళ్లైనా తీసుకోవచ్చు, హక్కులు ఉచితం. పేరు అమీర్‌పేట చౌరస్తా. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసుల ఒంటి మీదకి కెమెరాలు ఎప్పుడో వచ్చాయి కాబట్టి ఇది కల్పన అనడానికి వీల్లేదు.

మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట. మెట్రో స్తంభం నీడ జానెడు ఉంది, అందులో అప్పటికే ఒక కుక్క పడుకుని ఉంది. మన చేతిలో తుపాకీ లేదు, ఛలానా కొట్టే మిషను ఉంది. మొదటి శత్రువు హెల్మెట్ లేకుండా, వెనక ఇద్దర్ని ఎక్కించుకుని వస్తాడు. మనం గురిపెట్టి ఫొటో తియ్యబోతాం. ఆఖరి క్షణంలో వెనక కూర్చున్న అమ్మాయి చున్నీ గాలికి ఎగిరినట్టు ఎగిరి సరిగ్గా నంబరు ప్లేటు మీద పడుతుంది. గురి తప్పింది. ఆరోగ్యం తగ్గింది. రెండో శత్రువుని ఆపుతాం. "ఇక్కడే ఇల్లు సార్, పాలపాకెట్టుకి వచ్చాను," అంటాడు. అతని వెనక సూట్‌కేసు ఉంటుంది. మూడో శత్రువు ఏడుస్తాడు. నాలుగో శత్రువు మనల్నే వీడియో తీస్తాడు. ఇప్పుడు కెమెరాకెదురు కెమెరా, ఇద్దరూ సమాజానికి ఉపన్యాసం మొదలుపెడతారు, వెనక అరకిలోమీటరు హారన్లు. రాంగ్ రూట్లో హఠాత్తుగా వాటర్ ట్యాంకర్ ఎదురొస్తుంది, అది జంప్ స్కేర్, అంటే ఉలిక్కిపడే ఘట్టం.

అయిదో లెవెల్లో అసలు హారర్. శత్రువు ఒక్క మాట కూడా మాట్లాడడు. నవ్వుతూ ఫోన్ తీస్తాడు, ఎవరికో చేస్తాడు, రెండు నిమిషాలు "అన్నా, అన్నా" అంటాడు, తర్వాత ఆ ఫోన్ మన ముఖం ముందు పెడతాడు. "మాట్లాడతారంట." మ్యూజిక్ ఆగిపోతుంది. హారన్లు కూడా ఆగిపోతాయి. ఆ ఫోన్లో ఎవరున్నారో తెలియదు. తీసుకుంటే బదిలీ, తీసుకోకపోయినా బదిలీ, ఏ ఊరికన్నదే తేడా. ఈ గేమ్‌లో చస్తే వెనక్కొచ్చి మళ్లీ మొదలెట్టే సేవ్ పాయింట్ ఉండదు. ఇంతకన్నా చెమట పట్టించే ఘట్టం ఏ పాడుబడ్డ ఆస్పత్రిలో ఉందో చెప్పండి.

ఆఖరి లెవెల్లో నల్ల అద్దాల కారు వచ్చి ఆగుతుంది. అద్దం నాలుగంగుళాలు దిగుతుంది. లోపల ఎవరో కనిపించేలోపు పై మూలన ఎర్ర చుక్క ఆరిపోతుంది. బ్యాటరీ అయిపోయింది. తెర నల్లబడుతుంది. ఇది బగ్ అనుకుని రిపోర్ట్ చెయ్యకండి, గేమ్ అలాగే చేశాం.

ఈ ఎర్ర చుక్క దగ్గరే నాకు ఒళ్లు మండుతోంది. బొటనవేలు అరంగుళం పక్కకి జరిగితే పట్టుకున్నవాళ్లు, దెయ్యం మోకాలికి వంక పెట్టినవాళ్లు, ఇంతమంది పండితులు ఇన్ని రివ్యూలు రాసి కూడా ఆ గేమ్స్‌లోని అతిపెద్ద అబద్ధాన్ని ఎత్తిచూపినట్టు నాకు ఇంతవరకూ కనబడలేదు. ఆ అబద్ధం కెమెరాయే. అది ఆగదు. చీకట్లో ఆగదు, వానలో ఆగదు, పోలీసు చచ్చి కింద పడ్డా పక్కకి ఒరిగి రికార్డు చేస్తూనే ఉంటుంది. ఎంత చక్కటి కట్టుకథ!

2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో జయరాజ్, బెన్నిక్స్ అనే తండ్రీకొడుకుల్ని, లాక్‌డౌన్‌లో సెల్‌ఫోన్ల కొట్టు వేళకి మూయలేదని పోలీసులు పట్టుకెళ్లారు. కొట్టిన దెబ్బలకి కొడుకు 22న, తండ్రి 23న చనిపోయారు. ఆ స్టేషన్‌లో సీసీటీవీ ఉంది. హార్డ్ డిస్క్ ఒక టీబీది, అంటే వెయ్యి జీబీలది, చాలినంత చోటు ఉంది. కానీ ఏ రోజు దృశ్యాలు ఆ రోజే చెరిగిపోయేలా దాని సెట్టింగ్ పెట్టి ఉందని విచారణకి వెళ్లిన మెజిస్ట్రేట్ రాశాడు. సెట్టింగ్! ఒక టీబీ! మా మేనల్లుడు దెయ్యాల గేమ్స్ దాచుకోవడానికే రెండు టీబీలు పెట్టుకున్నాడు. ఇద్దరు మనుషులు దెబ్బలు తిన్న ఆ రాత్రిని దాచడానికి ఒక స్టేషన్‌కి మనసు రాలేదు.

ఆ ఏడాదే డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లో, గేటు నుంచి లాకప్ దాకా కెమెరాలుండాలని చెప్పింది. చీకట్లో కూడా కనబడాలి, మాట కూడా వినబడాలి, 18 నెలలు దాచాలి, అంత చోటు ఉన్న పరికరాలు దొరక్కపోతే కనీసం ఏడాది అని కూడా చెప్పింది. అయిదేళ్లు కావస్తుండగా 2025 సెప్టెంబరులో, ఒక్క రాజస్థాన్‌లోనే ఏడెనిమిది నెలల్లో 11 మంది కస్టడీలో చనిపోయారన్న పత్రికా వార్త చదివి, ఆ కెమెరాల సంగతేమిటని అదే కోర్టు మళ్లీ తనంతట తానే కేసు తీసుకోవాల్సి వచ్చింది. నైట్ విజన్ కావాలి, సౌండ్ అదిరిపోవాలి అని అల్లాడే ప్లేయర్ మహాశయులారా, సుప్రీంకోర్టు అడిగినవీ అవే ఫీచర్లు. ఆ అప్‌డేట్ కోసం ఎవరూ నిద్ర మానుకుని ఎదురుచూడలేదు.

అసలు పోలీసు ఒంటికి ఈ కెమెరా కావాలని ఊరూరా అడిగింది ఎవరనుకున్నారు? 2014 ఆగస్టులో అమెరికాలో ఫెర్గూసన్ అనే ఊళ్లో మైకేల్ బ్రౌన్ అనే పద్దెనిమిదేళ్ల నల్లజాతి కుర్రాడిని ఒక పోలీసు కాల్చి చంపాడు. ఆ కాల్పుల వీడియో లేదు. చూసినవాళ్లు తలోమాట చెప్పారు. పోలీసు మీద కేసు పెట్టనక్కర్లేదని గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు పెట్టాలో వద్దో చెప్పే పౌరుల బృందం, తేల్చాక ఆ పిల్లాడి అమ్మానాన్నలు ఒక్కటే అడిగారు, వీధిలో తిరిగే ప్రతి పోలీసు ఒంటి మీదా కెమెరా ఉండాలని. అంతకుముందు కొన్ని చోట్ల ఉండేవి గానీ, దేశమంతా పాకింది ఆ ఏడుపు తర్వాతే. కొడుకుని పోగొట్టుకున్న తల్లి అడిగిన వస్తువు అది. దాని వంకర గాజునీ, మసకనీ, ఆ ఊపునీ తీసుకొచ్చి, గ్రాఫిక్స్ సూపర్, పదికి పది అని మార్కులేస్తున్నారు. అన్‌రికార్డ్ ట్రైలర్ వచ్చినప్పుడు ఈ సంగతి ఎత్తినవాళ్లని, గేమ్‌లోకి రాజకీయాలు లాగకండి అని ఎంతమంది కసిరారో! పోలీసు హింస విషయంలో ఎవరి పక్షమూ తీసుకోబోమని స్టూడియో వాళ్లు తమ పేజీలో హామీ కూడా ఇచ్చుకున్నారు. కెమెరా పోలీసుది, కన్ను పోలీసుది, గుండు పోలీసుది, ముఖం మసకైంది మాత్రం ఎదుటివాడిది. పక్షం లేదట.

కోపంలో ఇంకో చిత్రం మర్చిపోయాను. ఆర్మా 3 అని 2013 నాటి యుద్ధం గేమ్ ఒకటుంది, చెక్ కంపెనీది. 2021 సెప్టెంబరులో అఫ్ఘానిస్తాన్‌లోని పంజ్‌షీర్ మీద పాకిస్తాన్ దాడి అంటూ మన దేశపు వార్తా చానళ్లు కొన్ని ఆ గేమ్ వీడియోని ఘనంగా ప్రసారం చేశాయి. యాంకర్లు ఊగిపోయారు, అచ్చం బాడీక్యామ్‌లా. ఇలాంటివి మరీ ఎక్కువైపోయేసరికి ఆ కంపెనీ విసిగి 2022 నవంబరులో, మా గేమ్‌ని నిజం యుద్ధమనుకోకుండా గుర్తుపట్టడం ఎలా అని ఒక ప్రకటన ఇచ్చింది. అందులో చెప్పిన గుర్తులేమిటంటే, వీడియో మసగ్గా ఉంటుంది, కెమెరా ఊగుతూ ఉంటుంది, చాలాసార్లు చీకట్లో జరుగుతుంది. అంటే ఒక కంపెనీ అబద్ధానికి ఆనవాళ్లని దండోరా వేసినవే ఇక్కడ నిజానికి హాల్‌మార్కు. మసక, ఊపు, చీకటి. మన కళ్లు ఇలా చూడవు బాబూ, నడుస్తుంటే మన గోడలు ఊగవు, అంచులు వంగవు, మెదడు అన్నీ సర్దిపెడుతుంది అని మా వాడికి చెప్పి చూశాను. "అదే మామయ్యా, మామూలు గేమ్స్ అలా క్లియర్‌గా ఉంటాయి, అందుకే ఫేక్‌గా అనిపిస్తాయి," అన్నాడు. వాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రేపు మన బ్రిడ్జిలు కడతాడు.

నిన్న వాడు ఆ గేమ్‌ని వెనక్కిచ్చేశాడు. గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ కొట్టు స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల లోపు ఆడితే డబ్బు వాపసు ఇస్తారు. వీడు గంటా యాభై నిమిషాల దగ్గర ఆపాడు. ఆ లెక్కలో బాత్రూమ్‌లో గడిపిన టైము కూడా ఉందని వాడి బాధ. రివ్యూ మాత్రం అలాగే ఉంది. బొటనవేలు పైకి, కడుపులో తిప్పేసింది, అస్సలు మిస్సవ్వద్దు అని సలహా, కొన్నాయన డబ్బు వెనక్కి తీసుకున్నాడని పక్కనే చిన్న అక్షరాల్లో. దాన్ని పదకొండు మంది ఉపయోగకరం అన్నారు.

ఆ డబ్బుతో అదే జాతిలో ఇంకోటి కొన్నాడు. ఈసారి పాడుబడ్డ స్కూలు. మా చెల్లెలు మజ్జిగ తెచ్చి వాడి వెనక నిలబడి కాసేపు చూసింది.

"ఆ మూల ఎర్ర చుక్క ఏంట్రా?"

"రికార్డవుతోందమ్మా."

"ఎవరు చూడ్డానికి?"

"ఎవరూ చూడరమ్మా. ఊరికే డిజైన్."

వాడు హెడ్‌ఫోన్స్ సర్దుకున్నాడు. ఆవిడ గ్లాసు కీబోర్డు పక్కన పెట్టి, బకెట్‌ని కాలితో కొంచెం దగ్గరికి జరిపి, వంటింట్లోకి వెళ్లిపోయింది.